చలిదేశపు సంక్రాంతి గురించి తెలుగు సంఘాల కార్యవర్గాలకు

ఉత్తర అమెరికా చలి ప్రాంతాల్లోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

ఆగస్టులో సంక్రాంతి ఊసేమిటని అనుకోకండి. జనవరి శనివారాలకు స్కూలు ఆడిటోరియాలు ఇప్పుడే బుక్ అయిపోతుంటాయి. హాలు ఏదో, టైము ఏదో తేలిపోయాక మిగతావన్నీ దానికి తగ్గట్టు సర్దుకోవాల్సిందే. మీరు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఈ ఉత్తరం మీకు చేరాలని రాస్తున్నాను. నేనుండేది మిన్నియాపోలిస్ శివార్లలో కాబట్టి ఇక్కడి సంగతులే రాస్తాను. షికాగో, మిల్వాకీ, డెట్రాయిట్, బఫెలో, టొరాంటో వాళ్ళకి వీటిలో కొత్తగా విడమరచాల్సిందేమీ ఉండదు.

ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ, రాత్రి పదింటికి జూమ్ మీటింగుల్లో కూర్చుని మీరు చేసే పని నాకు తెలుసు. జీతం లేదు, మెప్పు తక్కువ, మాట పడటం ఎక్కువ. అందుకే కొత్త బరువు మోపకుండా ఒక్క మార్పు అడుగుతున్నాను. మన సంక్రాంతి ప్లాను ఎప్పుడూ స్టేజీ దగ్గర మొదలవుతుంది. ఎన్ని ఐటమ్స్, యాంకర్ ఎవరు, ఇండియా నుంచి ఏ సింగర్‌ని పిలవాలి, స్క్రీన్ ఎంత పెద్దది పెట్టాలి అన్నవి తేలాక మిగిలిన టైములో మిగిలిన పనులు చూస్తాం. ఈసారి కారు డోరు దగ్గర మొదలుపెట్టండి. పార్కింగ్ లాట్‌లో దిగిన మనిషి కుర్చీలో కుదురుగా కూర్చునేదాకా ఏమేం కావాలో ముందు రాసుకుని, స్టేజీ సంగతి ఆ తర్వాత చూడండి.

చలికాలంలో ఆ హాలుకి వచ్చేది ఎవరో ఒకసారి తలుచుకోండి. నవంబరులోనో డిసెంబరులోనో కూతురి పురుడు పోయడానికి వచ్చిన తల్లి ఉంటుంది. ఆరు నెలల గడువు మీద వచ్చి, అందులో నాలుగు నెలలు కిటికీలోంచి మంచు చూస్తూ గడిపే తండ్రి ఉంటాడు. పెళ్ళయి హెచ్-4 వీసా మీద కొత్తగా వచ్చి, డ్రైవింగ్ ఇంకా రాక, భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా మాట్లాడే మనిషి లేని అమ్మాయి ఉంటుంది. సెయింట్ క్లౌడ్‌లోనో మంకేటోలోనో మాస్టర్స్ చేస్తూ, కారు లేక వేరేవాళ్ళ కారులో నాలుగో సీటు కోసం మెసేజీలు పెట్టుకునే కుర్రాడు ఉంటాడు. వేసవిలో వీళ్ళకి పార్కు ఉంటుంది, వాకింగ్ ఉంటుంది, అపార్ట్‌మెంట్ కింద ఎవరో ఒకరు పలకరిస్తారు. జనవరిలో అదేదీ ఉండదు. వారాల తరబడి వాళ్ళు ఇల్లు దాటి నలుగురిలోకి వచ్చేది మీ ఒక్క కార్యక్రమానికే.

రావడం కూడా చిన్న పనేం కాదు. మన దగ్గర లంబసింగిలో పాదరసం సున్నాకి దిగితే పేపర్లో మొదటి పేజీ వార్త. మిన్నియాపోలిస్‌లో జనవరి నెలలో సగటున పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతే మైనస్ 5 సెల్సియస్. రాత్రికి మైనస్ 13 దాకా పడిపోతుంది. అది మామూలు జనవరి సంగతి. 2019 జనవరి 30 పొద్దున ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్. ఉత్తరాలు పంచడం కూడా ఆ రోజు ఆపేశారు. గాలి కలిసిన చలి మైనస్ 25 ఫారెన్‌హీట్ దగ్గరికొస్తే, కప్పుకోని చర్మం అరగంటలోపే దెబ్బతింటుంది. సంక్రాంతి నాటికి సూర్యుడు సాయంత్రం ఐదు కొట్టకముందే గూట్లో పడతాడు. ఇంతటి చలిలో, అంత చీకట్లో, అరవై ఐదేళ్ళ మనిషి పట్టుచీర కట్టుకుని బయల్దేరిందంటే ఆవిడ ఎంతగా ఎదురుచూసిందో మనం గుర్తించాలి.

ఈ ప్రాంతం వాళ్ళు చలికి భయపడి ఇళ్ళలో కూర్చోలేదు. తూర్పు తీరం నుంచి వచ్చిన ఒక విలేకరి మా పక్క ఊరు సెయింట్ పాల్‌ని సైబీరియాతో పోల్చి, చలికాలంలో మనుషులుండే చోటు కాదని రాస్తే, ఊరంతా ఒక్కటై 1886లో వింటర్ కార్నివాల్ మొదలుపెట్టింది. ఇప్పటికీ ఏటా జనవరిలో చేసుకుంటున్నారు. 1956లో మా పక్కనే ఈడైనాలో సౌత్‌డేల్ కట్టారు. పూర్తిగా కప్పు కింద ఉన్న తొలి అమెరికన్ షాపింగ్ మాల్ అదేనంటారు. దాన్ని డిజైన్ చేసిన విక్టర్ గ్రూయెన్ వియన్నా నుంచి వచ్చినవాడు. కొట్ల మధ్యలో చెట్లు, కుర్చీలతో పెద్ద ఆవరణ పెట్టి, బయట ఎంత చలి ఉన్నా లోపల 75 ఫారెన్‌హీట్ ఉండేలా చూశాడు. ఊరి జనం కూర్చుని మాట్లాడుకునే చోటు కావాలన్నది ఆయన కోరిక. మిన్నియాపోలిస్ డౌన్‌టౌన్‌లో భవనాల్ని రెండో అంతస్తులో కలిపే స్కైవేలు 1962లో మొదలై ఇప్పుడు తొమ్మిది మైళ్ళు దాటాయి. వీటన్నిటికంటే నేను ఎక్కువ నేర్చుకున్నది మాత్రం చర్చిల దగ్గర. నార్వే, స్వీడన్ల నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న పాత లూథరన్ చర్చిలో అడుగుపెడితే ముందు కోట్లు తగిలించుకునే గది వస్తుంది, పక్కన బెంచీ ఉంటుంది. ప్రార్థన అయ్యాక కింద బేస్‌మెంట్‌లో కాఫీ, గుండ్రటి బల్లలు. ఎవరూ వెంటనే ఇంటికి పోరు. ఇన్నేళ్ళ చలి వాళ్ళకి నేర్పిన పద్ధతి అది. మనం ఇక్కడికొచ్చి యాభై ఏళ్ళు దాటుతున్నా మన సంక్రాంతి ఇంకా ఏప్రిల్ ఉగాది పద్ధతిలోనే చేస్తున్నాం.

ముందు టైము సంగతి. మధ్యాహ్నం రెండింటికని చెప్పి, మూడున్నరకి దీపం వెలిగించి, రాత్రి తొమ్మిదికి భోజనం పెట్టే పద్ధతి చలికాలానికి పనికిరాదు. పగలు కాస్త కరిగిన మంచు పొద్దుగూకాక మళ్ళీ గడ్డకడుతుంది. తారు మీద కంటికి కనబడని పలుచని ఐస్ పొర వస్తుంది. రాత్రి పదిన్నరకి నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని, ఒక చేత్తో తల్లిని పట్టుకుని ఆ నేల మీద నడిచే అల్లుడిని చూసి నాకు గుండె ఆగినంత పనయ్యేది. పదకొండుకి మొదలుపెట్టి, పన్నెండున్నరకి భోజనం పెట్టి, నాలుగుకి ముగించండి. రోజులో కాస్త వెచ్చటి గంటలు అవే. వెలుతురుండగానే అందరూ ఇళ్ళకు చేరతారు. స్కూలు వాచ్‌మన్ ఓవర్‌టైమూ తగ్గుతుంది. సాయంత్రమైతేనే జనం వస్తారని కార్యవర్గంలో ఎవరో ఒకరు అంటారు. సాయంత్రం వచ్చేది ఓపికున్నవాళ్ళు. పొద్దున పెడితే ఓపిక లేనివాళ్ళు కూడా వస్తారు.

ఇక గుమ్మం. కారు సీటులో పసిపిల్లల్ని కట్టేటప్పుడు ఉబ్బెత్తు కోటు వేయకూడదని ఇక్కడి డాక్టర్లు చెబుతారు, బెల్టు వదులైపోతుందని. అందుకని పిల్లలు పలుచటి బట్టల్లోనే కారు దిగుతారు. తల్లి వాళ్ళని దుప్పట్లో చుట్టి పరిగెత్తాలి. డాన్సు పిల్లలయితే కూచిపూడి డ్రెస్సు మీద శాలువా ఒక్కటే. గుమ్మం ముందే దింపుకునే వీలుంటే ఈ పరుగు ఇరవై అడుగులు, లేకపోతే మూడొందల గజాలు. కాబట్టి హాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు సీట్లు లెక్కపెట్టే ముందు డ్రాప్ చేసే లేన్ ఉందో లేదో చూడండి. రిఫ్లెక్టర్ కోటు వేసుకున్న ఇద్దరు వాలంటీర్లు అక్కడ ఉండాలి. చలిలో ఎవరినీ గంటల తరబడి నిలబెట్టకుండా ఇరవై నిమిషాలకొకసారి మార్చండి. దింపాక ఇంజిన్ ఆన్‌లో పెట్టి అక్కడే నిలబడేవాళ్ళని ముందుకు పంపండి. ఎగ్జాస్ట్ పొగ తలుపులోంచి లోపలికే వస్తుంది. నేల మీద ఉప్పు చల్లాం కదా అనుకుంటారేమో, మామూలు రాతి ఉప్పు 15 ఫారెన్‌హీట్ కిందికి వెళ్తే దాదాపు పనిచేయదు. అంత చలి రోజున ఇసుక చల్లమని స్కూలు వాళ్ళని అడగాలి.

ఇక్కడి పెద్ద భవనాలన్నిటికీ ముందు వరసగా రెండు తలుపులుంటాయి, మధ్యలో చిన్న గది. బయటి తలుపు మూసుకున్నాక లోపలి తలుపు తెరుచుకుంటే చలి లోపలికి రాదు. మనవాళ్ళు వచ్చేవాళ్ళకి సౌకర్యంగా ఉంటుందని రెండు తలుపులకీ అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు. పైగా టికెట్ల బల్ల సరిగ్గా అక్కడే వేస్తారు. దాంతో వరస ఆ చిన్న గది దాటి బయటిదాకా పాకుతుంది, లాబీ అంతా చల్లబడుతుంది, బల్ల దగ్గర కూర్చున్న వాలంటీర్ వేళ్ళు కొయ్యబారిపోతాయి. బల్లని లోపలికి, హాలు తలుపు దగ్గరికి జరపండి. ముందు అందరినీ లోపలికి రానివ్వండి, టికెట్ తర్వాత చూసుకోవచ్చు.

కోట్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఏ కార్యవర్గం మీటింగులోనూ ఇది అజెండాలో ఉండగా నేను చూడలేదు. ఒక సంక్రాంతి కార్యక్రమంలో, ఏ సంఘమన్నది ఇక్కడ అనవసరం, నా పక్క సీట్లో బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. కోడలు స్టేజీ వెనక మనవరాలికి జడ వేస్తోంది, కొడుకు పార్కింగ్ డ్యూటీలో ఉన్నాడు. ఆవిడ ఒళ్ళో మూడు కోట్లు, ఒక మంకీ క్యాప్, రెండు జతల గ్లవ్స్, మనవరాలి మంచు బూట్లు. బూట్ల నుంచి కారిన నీళ్ళు గద్వాల చీర కుచ్చిళ్ళకి తగిలి ఉప్పు చార తేలింది. "లేచి రండమ్మా, టీ తాగుదాం" అన్నాను. "ఇవన్నీ ఎక్కడ పెట్టనమ్మా, పోతే మావాడు కోప్పడతాడు" అంది. నాలుగు గంటలపాటు ఆ బరువు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ చూస్తే అందరిదీ అదే పరిస్థితి. కుర్చీల వీపుల మీద, నేల మీద, నడిచే దారిలో కోట్లే. సగం సీట్లలో మనుషులకి బదులు కోట్లు కూర్చుంటే, ఆలస్యంగా వచ్చినవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ రాత్రి ఒకరి నల్ల కోటు ఇంకొకరు వేసుకుపోయారు. జేబులో కారు తాళాలు ఉండిపోయి, ఆ కుటుంబం స్కూలు తాళం వేసే వేళ దాటినా లాబీలోనే ఉండాల్సి వచ్చింది.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఐదడుగుల చక్రాల స్టాండుకి లావుపాటి కోట్లు పాతిక పడతాయి. మూడొందల మంది వస్తే పన్నెండు స్టాండ్లు కావాలి. టెంట్లూ కుర్చీలూ అద్దెకిచ్చే షాపుల్లో దొరుకుతాయి. లాబీ పక్కనున్న ఒక క్లాస్‌రూమ్ అడిగి అందులో పెట్టండి. రెండు ముక్కల టోకెన్లు, ఒకటి హ్యాంగర్‌కి, ఒకటి మనిషికి. కుటుంబానికి ఒక పెద్ద సంచి ఇస్తే టోపీలు, గ్లవ్స్, బూట్లు అందులో వేసి కోటు కిందే పెట్టొచ్చు. ఎదురుగా చేతులున్న కుర్చీలు నాలుగు వేయండి, పెద్దవాళ్ళు కూర్చుని బూట్లు విప్పి చెప్పులు వేసుకోవడానికి. మన పెద్దవాళ్ళు సాక్సులు విప్పడానికి ఒప్పుకోరు. బొటనవేలి చెప్పులోకి సాక్సు దూరక, కాలు సగం బయటే పెట్టి తడి టైల్స్ మీద నడుస్తారు. దానికంటే ప్రమాదం ఆ రోజు మొత్తంలో ఇంకొకటి లేదు. తలుపు నుంచి హాలుదాకా పొడుగాటి పీచు మ్యాట్లు వేయించి, తుడిచే కర్రతో ఒకరు తిరుగుతూ ఉంటే చాలు. కోటు ఇచ్చేసి ఖాళీ చేతుల్తో లోపలికి నడిచిన మనిషి ముఖం వేరేగా ఉంటుంది, గమనించండి. ఆ మనిషి వెళ్ళిపోయే హడావిడిలో ఉండడు.

హాలు వెచ్చదనం గురించి రెండు మాటలు. శని, ఆదివారాల్లో ఖాళీగా ఉండే స్కూళ్ళలో హీటింగ్ తగ్గించేస్తారు. అదీ ఆటోమేటిక్‌గా జరిగిపోతుంది. పొద్దున్నే డెకరేషన్‌కి వెళ్ళినవాళ్ళు వణుకుతూ పనిచేసేది అందుకే. మన కార్యక్రమం ఉన్న గంటలకి హీటింగ్, గాలి తిరిగే ఫ్యాన్లు రెండూ నడిచేలా పెట్టమని వారం ముందే అడిగి ఒప్పందంలో రాయించండి. అలాగని మరీ ఎక్కువ పెట్టించకండి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి వంద వాట్ల దాకా వేడి వస్తుంది. మూడొందల మంది చేరితే ముప్ఫై కిలోవాట్ల హీటర్ పెట్టినట్టే. మొదటి గంటలో చలి, మూడో గంటలో ఉక్క. పెద్దవాళ్ళని తలుపుల దగ్గర, గాలి దూసుకొచ్చే గొట్టాల కింద కాకుండా లోపలి వరసల్లో కూర్చోబెట్టండి. ఓ ఇరవై శాలువాలు బల్ల మీద పెట్టి, కావాల్సినవాళ్ళని తీసుకోమనండి.

ఇప్పుడు స్టేజీ. ఇక్కడ నాతో విభేదించేవాళ్ళుంటారని తెలిసే రాస్తున్నాను. యాభై అరవై ఐటమ్స్ వరసగా పెట్టేది ప్రతి పిల్లకీ ఒక అవకాశం ఇవ్వాలని. మంచి ఉద్దేశమే. కానీ జరిగేదేమిటో చూడండి. తమ పిల్ల డాన్సు అయిపోగానే ఆ కుటుంబం లేచిపోతుంది. స్పీకర్ల మోతలో పక్కవాళ్ళ పేరు కూడా అడగలేం. అందరూ ఒకే వైపు తిరిగి చీకట్లో కూర్చుంటారు. నెలన్నరగా ఇంట్లో టీవీ ఎదురుగా కూర్చున్న మామగారిని తీసుకొచ్చి ఇంకొక పెద్ద తెర ముందు కూర్చోబెట్టినట్టవుతుంది. ఆయనకి కావాల్సింది తెనాలి గురించో కరీంనగర్ గురించో, ధాన్యం ధర గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడే ఇంకో మనిషి.

పన్నెండు పదిహేను ఐటమ్స్‌కి మించకుండా గంటన్నరలో ముగించండి. పిల్లలు ఎక్కువమంది ఉంటే బృందాలుగా కలపండి. మిగతా టైమంతా కెఫెటీరియాలోనో జిమ్‌లోనో గుండ్రటి బల్లల దగ్గర గడవనివ్వండి. ఆ బల్లల మీద జిల్లాల పేర్లు రాసి పెట్టండి: శ్రీకాకుళం, గుంటూరు, కడప, నల్గొండ, ఆదిలాబాద్, అలా. బళ్ళారి, బరంపురం, హోసూరు కూడా మరిచిపోవద్దు. తమ ఊరి పేరు చూసి కూర్చున్న ఇద్దరు కొత్తవాళ్ళు అరగంటలో ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం, మార్చిలో వాళ్ళు కలిసి మాల్‌లో వాకింగ్ చేయడం నేను చూశాను. ప్రతి బల్ల దగ్గరా సంఘం మనిషి ఒకరుండాలి, ఒంటరిగా వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టడానికి. విద్యార్థులు గోడ పక్కన ఫోన్లు చూసుకుంటూ నిలబడితే, ఆకలిగా ఉన్నారేమో, బెరుకుగా ఉన్నారేమో అని అడిగేవాళ్ళుండాలి.

పెద్దవాళ్ళకి పని చెప్పండి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం తెలిసినవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. ఒక మూల మెట్లలాగా బల్లలు వేసి ఆ బాధ్యత వాళ్ళకే ఇస్తే, ఇంట్లో నెలరోజులు దానికోసం సర్దుకుంటారు, మనవళ్ళ బొమ్మలు కూడా కొలువులోకి చేరతాయి. ముగ్గుల పోటీ నేల మీదే పెట్టాలని లేదు. జిమ్ చెక్క నేల మీద పిండి పోస్తే క్లీనింగ్ చార్జీ వేస్తారు, మోకాళ్ళు వంగనివాళ్ళు పోటీకే రారు. బల్లల మీద నల్ల కాగితం పరిచి కుర్చీలో కూర్చుని వేయమనండి. పదిహేను చుక్కల మెలిక ముగ్గుని కన్నార్పకుండా తిప్పే చేతులు ఎన్ని బయటికొస్తాయో చూడండి. ఆ చేతుల పక్కనే ఒక్కో పిల్లని కూర్చోబెడితే, తెలుగు బడిలో ఏడాదికి నేర్పలేనిది ఆ గంటలో వస్తుంది.

భోగిపళ్ళు మాత్రం తప్పకుండా పెట్టండి, అదీ స్టేజీ మీద కాదు, బల్లల మధ్యలో. రేగుపళ్ళు దొరక్కపోతే క్రాన్‌బెర్రీలు పోయొచ్చు. దేశంలో సగానికి పైగా క్రాన్‌బెర్రీలు పండేది మన పక్కనున్న విస్కాన్సిన్‌లోనే. బంతిరేకులు, చెరుకుముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర. పసిపిల్లలు శనగలూ చిల్లరా నోట్లో పెట్టుకోకుండా, కిందపడిన పళ్ళ మీద ఎవరూ జారకుండా వెంటనే ఊడ్చేయించాలి. అమ్మమ్మలు లేకుండా ఈ దేశంలో పెరుగుతున్న పిల్లలకి, మనవలు పక్కన లేని అమ్మమ్మల చేత దిష్టి తీయించండి. ఆ వరస కలిసిందంటే ఆ రెండు ఇళ్ళ మధ్యా రాకపోకలు మొదలవుతాయి.

భోగిమంట గురించి ప్రతి ఏడూ చర్చ వస్తుంది. కొంతమంది లోపలే కుంపటి పెడదామంటారు. వద్దు. బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనా రంగూ ఉండవు. మంట కావాలంటే బయట, పగటి వెలుతురులో, నగరం నియమాలు, స్థలం వాళ్ళ అనుమతి చూసుకుని ఓ పావుగంట వేసుకోవచ్చు. పాత ప్లైవుడ్ కుర్చీలు, ప్లాస్టిక్ వేయడానికి మాత్రం ఇక్కడ ఒప్పుకోరు, ఎండిన కట్టెలే.

మంట మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పి తీరాలి. లాబీలో పల్లెటూరి సెట్ వేయడం మనకి ముచ్చట. గడ్డి కప్పిన గుడిసె, ధాన్యపు కంకులు, థర్మోకోల్ బావి, చుట్టూ సీరియల్ లైట్లు, ముందు నూనె దీపం. దాని వెనక కోట్ల గుట్ట. దాని పక్కన అత్యవసర ద్వారం, దానికి అడ్డంగా స్ట్రోలర్లు. ఫోటోలు బాగా వస్తాయి, నేనూ దిగాను. కానీ 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరక్వాయ్ థియేటర్ కాలిపోయింది. క్రిస్మస్ సెలవుల మ్యాట్నీ, ఎక్కువమంది తల్లులూ పిల్లలే, సీట్లకి మించి నిలబడ్డ జనం. స్టేజీ మీద తెరకి నిప్పంటుకుంది. కొన్ని తలుపులు లోపలి వైపుకే తెరుచుకునేవి, కొన్నిటికి గొళ్ళేలు ఎలా తీయాలో ఎవరికీ తెలీదు, కొన్ని తెరల వెనక కనబడలేదు. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఇవాళ మన స్కూళ్ళ తలుపుల మీద నెడితే చాలు తెరుచుకునే అడ్డకడ్డీ ఉంటుందే, అది ఆ ఘోరం తర్వాత తయారైంది. ఆ కడ్డీ ముందు కుర్చీలు పేర్చే హక్కు మనకి లేదు. చలికాలంలో ఇంకో సంగతి, ఆ తలుపులు బయటికి తెరుచుకుంటాయి గనక బయట మంచు పేరుకుంటే కదలవు. కార్యక్రమం రోజు పొద్దున ఒక మనిషి భవనం చుట్టూ తిరిగి, ప్రతి ద్వారం బయట మంచు తీశారో లేదో చూడాలి. గడ్డి గుడిసెకి బదులు బట్ట మీద వేసిన బొమ్మ, మంటకి తట్టుకునే కాగితం వాడండి. నూనె దీపం స్థానంలో బ్యాటరీ దీపం పెడితే సంక్రాంతి లక్ష్మి అలగదు.

తిండి విషయంలో మనకి ఒకరు చెప్పాల్సింది తక్కువే. ఒక్కటి కోరతాను: కోటు ఇచ్చి వచ్చిన మనిషి చేతిలో మొదట పడేది టీయో శొంఠి కాఫీయో, కాగితం కప్పులో మిరియాల చారో కావాలి. కూపన్ అడగొద్దు, ఊరికే ఇవ్వండి. తాగడానికి వేడినీళ్ళు ఒక పెద్ద పాత్రలో ఎప్పుడూ ఉండాలి. అక్కడి కుళాయిలో వచ్చే ఐసు నీళ్ళు పెద్దవాళ్ళు ముట్టరు, మాత్రలు కూడా వేసుకోకుండా ఉండిపోతారు. నువ్వులుండలు, అరిసెలు, సకినాలు బల్లల మీదే పెట్టేయండి. నువ్వులూ బెల్లమూ చలికి ఒంటికి వేడని మనవాళ్ళు పెట్టిన తిండే అది. క్యాటరింగ్ ట్రేలు రెండు గంటల ముందే వచ్చి లాబీలో చల్లారిపోతుంటాయి. పులుసులూ పప్పులూ 135 ఫారెన్‌హీట్‌కి తగ్గకుండా ఉంచాలని ఇక్కడి ఆహార నియమం, చిన్న థర్మామీటర్ ఒకటి కొంటే తెలిసిపోతుంది. చలికాలంలో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ శానిటైజర్‌కి అంతగా లొంగదు, సబ్బుతో చేతులు కడగాల్సిందే. వడ్డించేవాళ్ళందరికీ ఆ మాట చెప్పండి. ఒంట్లో బాగాలేనివాళ్ళు మొహమాటపడి రాకుండా టికెట్ డబ్బులు తిరిగిస్తామని ముందే రాయండి.

చివరగా, ఆపేయాల్సి వస్తే ఎలా? 2014 జనవరి 6న చలి మూలంగా మిన్నెసోటా గవర్నర్ రాష్ట్రంలోని స్కూళ్ళన్నీ మూయించాడు. అలా స్కూలు జిల్లా మూసేస్తే మామూలుగా అద్దె కార్యక్రమాలూ రద్దవుతాయి. ఆ రోజు డబ్బు వెనక్కొస్తుందా, ఇంకో తేదీ ఇస్తారా అన్నది ఒప్పందంలో ఉండాలి. నిర్ణయం ముందురోజు మధ్యాహ్నానికల్లా, ఒకే మనిషి, ఒకే మెసేజీ. పొద్దున ఎనిమిదిదాకా "చూద్దాం" అంటే, మంకేటో నుంచి కుర్రాళ్ళు బయల్దేరిపోతారు. కారు లేనివాళ్ళని తీసుకొచ్చే ఏర్పాటు కూడా అదే మనిషి చేతిలో ఉండాలి, ఏ ప్రాంతంలో ఎవరి కారులో ఎన్ని సీట్లు అని. తీసుకొచ్చినవాళ్ళే తిరిగి దింపాలి, ఇంట్లో అడుగుపెట్టేదాకా చూసి కదలాలి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కుదరకపోతే కోట్ల గది, పగటి టైము, గుండ్రటి బల్లలు, ఈ మూడింటితో మొదలుపెట్టండి. ఎల్ఈడీ స్క్రీన్ అద్దెలో సగం చాలు. వచ్చే వారం హాళ్ళు చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీతోపాటు ఒక పెద్దావిడని తీసుకెళ్ళండి. పార్కింగ్ నుంచి సీటుదాకా ఆవిడ నడిచే దారి వెంట నడిచి, ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కడ ఒక కుర్చీ రాసుకోండి. వాలంటీర్ల జాబితాలో కోట్ల గది దగ్గర ఎవరూ పేరు ఇవ్వరని మీరనుకుంటే ఆ వరసలో మొదట నా పేరు రాయండి. పదిన్నరకే వస్తాను.

భవదీయురాలు,
మీ సంఘ సభ్యురాలు,
మిన్నియాపోలిస్